కత్తెర బొమ్మ బిళ్ళ

"నవ్వకండర్రా! నాలుగు రోజులుగా నాకు ముద్ద దిగట్లేదు. నేను పోగుచేసిన రెండొందల పాత బిళ్ళలూ పోయినా ఇంత బాధపడను. యుద్ధం రోజుల్లో చిల్లర దొరక్క ప్రతి దుకాణంవాడూ సొంత బిళ్ళలు కొట్టించుకున్నాడు కదా, ఈ పోయిన బిళ్ళ మా నాన్న తన దర్జీ కొట్టుకి కొట్టించింది! ఇత్తడిది, మధ్యన రెండు చిల్లులు, ఒకవైపు కత్తెర బొమ్మ, రెండోవైపు నున్నగా ఉంటుంది. ముప్పై ఏళ్లు వెతికితే దొరికింది ఒక్కటే ఒక్కటి. పక్కన పెట్టుకుని చూసుకుంటూ కుట్టేవాణ్ణి," అన్నాడు ముసలి దర్జీ, టీ కొట్టు బల్ల మీద కూర్చుని.

"ఎక్కడో పారేసుకుని ఉంటావులే," అన్నాడు టీ కొట్టాయన.

"పారేసుకోవడమా? నేనా? దొంగ వచ్చాడయ్యా! సోమవారం మిట్టమధ్యాహ్నం. గజంబద్దతో ఒక్కటిచ్చా, కూలబడ్డాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాడి వెనకాల ఇంకో ఐదుగురు!"

"నిన్న మొత్తం ముగ్గురే అన్నావు బాబాయ్," అన్నాడు మంగలి.

"నిన్న నువ్వు గడ్డం గీస్తున్నావు, కత్తి జారుతుందని తగ్గించి చెప్పా. వాళ్లలో ఐదుగుర్ని దారంతో మిషన్‌కి కట్టేశా. ఆరోవాడు బిళ్ళ పట్టుకుని కారెక్కాడు. నేను పరుగు! కారు నాకంటే వెనకబడిపోయింది, దాని కోసం కాసేపు ఆగాల్సొచ్చింది. ఈలోగా వాడు విమానం ఎక్కేశాడు. వదుల్తానా? రెక్క పట్టుకుని వేలాడా! పైలట్ కిటికీ తీసి, 'అయ్యా, మీ బరువుకి విమానం పక్కకి ఒరిగిపోతోంది, దయచేసి దిగండి' అని దణ్ణం పెట్టాడు."

"దిగావా మరి, బాబాయ్?"

"అన్నం చల్లారితే మీ పిన్ని ఊరుకోదు కదరా, మేఘాల్లోంచే దిగొచ్చేశా."

బల్ల మీద కూర్చున్నవాళ్లంతా ఘొల్లుమన్నారు. పోస్టుమాన్ ఒక్కడే నవ్వకుండా తన కొత్త కోటు తడుముకుంటున్నాడు.

"మావయ్యా, సోమవారం నా కోటు హడావిడిగా కుట్టిచ్చావు. కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. ఈ మూడో గుండీ ఏంటో బరువుగా ఉంది. కాస్త తిప్పి చూడు."

దర్జీ వంగి, గుండీని గోటితో పైకెత్తి చూశాడు. అడుగువైపు కత్తెర బొమ్మ.

"అమ్మయ్య! ఉందిరా, ఉంది! నా తండ్రే!" అంటూ పోస్టుమాన్‌ని కోటుతో సహా వాటేసుకున్నాడు. ముసలాయన కళ్లు తుడుచుకుంటుంటే ఎవరికీ నవ్వాలనిపించలేదు.

మంగలి మాత్రం మెల్లగా అడిగాడు. "బాబాయ్, మరి ఆ ఆరుగురు?"

"ఎవడూ రాలేదురా. నాన్న వస్తువు నా చేతులారా పోగొట్టానని చెప్పుకోడానికి నోరు రాలేదు," అని, దర్జీ వంగి గుండీ దారం పళ్లతో కొరికాడు.