బాలామణి వేసిన తాళం

నందిగామలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. చనిపోయిన భార్య కంప్యూటరు మోసుకుని జగ్గయ్యపేట నుంచి వచ్చాడు మిర్చి వ్యాపారి దశరథరామయ్య. బల్ల అవతల రాజ్‌కిరణ్.

“పాస్‌వర్డ్ ఇంకేం కొట్టమంటారు?”

“మా ఇలవేల్పు, తిరుపతమ్మ.”

“అయిందండి.”

“ఆ తల్లి పెనిమిటి, గోపయ్య?”

“అదీ అయింది. అమ్మాయి పేరు, పుట్టింటి ఊరు, అన్నీ అయినయ్యి. మీ పేరు కొడదామా?”

“నా పేరా? ముప్పయ్యేళ్ళ కాపురంలో ఒక్కసారి అన్లేదు మా బాలామణి. రేషన్ కార్డు రాసేవాడు అడిగితే పక్కింటామె చేత చెప్పించింది. వేరేది చూడు.”

“చూడ్డానికేం మిగల్లేదండి.”

“అయితే డిస్కులో ఆ తాళమేసిన భాగాన్ని కుదించు. మూడొంతులు అదే తినేసింది. కొట్టు బిల్లులకి చోటు కావాలి. ఆవిడ పాడి దాచుకున్న పాటలు ఓ మూలనుంటయ్యి.”

“తెరవకుండా కుదించకూడదండి. ముందు లోపలి సామాను సర్దాలి, తర్వాతే గోడ జరపాలి. గుడ్డిగా జరిపితే పాటలమీదే పడుద్ది.”

“పాడిందీ తనే, తాళమేసిందీ తనే. నేను వినకూడదనేగా?”

“ఇందులో లినక్సు ఎక్కించింది మీ అమ్మాయేనన్నారు. అడగరాదూ?”

“మనోజ్ఞతో నాకు మాటల్లేవు.”

“అదేంటండీ?”

“తల్లి పెద్దకర్మ కాకముందే పరీక్షలంటూ బస్సెక్కింది.”

“పోనీ కొత్త డిస్కు వేస్తా. ఇది బీరువాలో పెట్టుకోండి. ఎప్పటికైనా...”

“ఎప్పటికైనా ఏంటి? బీరువా తీసినప్పుడల్లా దాన్ని చూసి ఏడవనా? చెరిపెయ్.”

“ఆవిడ గొంతు ఇంకెక్కడన్నా ఉందా?”

“లేదు. ఫోను నీళ్ళలో పడింది.”

“మరి ఆలోచించండి. తాళం చెరిపితే రేపు అసలు పాస్‌వర్డ్ దొరికినా తెరుచుకోదు. నేనే కాదు, ఎవరూ ఏం చెయ్యలేరు.”

“చెరిపెయ్యమన్నాగా.”

“ఖాయమా అని ఇదీ అడుగుతోంది.”

“ఖాయం. నొక్కు.”

“నొక్కా.”

“ఏదీ?”

“అయిపోయిందండి.”

“ఇంతేనా? చప్పుడన్నా లేదే.”

“ఉండండి, ఫోను. మనోజ్ఞగారు. ఈ పెట్టెమీద ఆవిడ నంబరుంటే పొద్దున నేనే మెసేజ్ పెట్టా. స్పీకర్లో పెడుతున్నా. చెప్పండమ్మా.”

“నాన్న ఉన్నారా? నాన్నా, నన్నడగొచ్చుగా? కొట్టు కుర్రాళ్ళు వింటారని సిగ్గుపడి తాళం పెట్టించుకుంది అమ్మ. మీరొక్కరే వినాలంది. నోటితో అంటే తప్పుగానీ, చేత్తో కొడితే తప్పేముందంది. మీ పేరే, నాన్నా.”