ట్యూబు తీసిన రోజు

ఇంక చాలు వదినా, ఆ చేతులు కడిగింది చాలు. తోలు లేచిపోయేలా ఉంది. ఇట్రా, ఇలా కూర్చో.

నీవల్లే అన్నయ్యకి జ్వరం వచ్చిందని ఎవరన్నారు? అమ్మేనా? ఆవిడ నోట్లో పడకుండా ఎవరు మిగిలారు గనక! బయట్నుంచి వచ్చి వాణ్ణి ముట్టుకున్నావనీ, మంచం మీద కూర్చున్నావనీ పొద్దుట్నుంచీ అదే పాట. నువ్వేమో కుమిలిపోతున్నావు. నేను పక్కనే నిలబడి అంతా విన్నాను, నోరు మెదపలేదు.

ఆస్పత్రి అన్నాక ఇవి మామూలే. పదిమంది చేరితే ఒకరికైనా ఇక్కడికొచ్చాకే ఏదో ఒకటి అంటుకుంటుంది. సూది గుచ్చిన చోటో, కుట్ల దగ్గరో, మూత్రం ట్యూబులోంచో. ఇరవై ఏళ్ళుగా నర్సుని, నాకు తెలీదా? ఎలా వచ్చిందో ఎవరికీ తెలీదండీ అని అందరికీ చెప్తుంటాం.

నీకూ అదే చెప్పాను కదూ?

అబద్ధం వదినా. నాకు తెలుసు.

తుంటి ఆపరేషన్ అయిన మర్నాడు, మంగళవారం, ఆ మూత్రం ట్యూబు తీసెయ్యమని డాక్టరుగారు చెప్పి వెళ్ళారు. తీస్తే అన్నయ్యని మూత్రానికి గంటకోసారి ఇద్దరు పట్టుకుని లేపాలి. వార్డులో ముప్ఫైమంది, మేమేమో ఇద్దరం. పైగా నీకా నడుం నొప్పి. మా అన్నయ్యే కదా, ఇంకో రెండ్రోజులుంటే ఏమవుతుందిలే అనుకున్నా. పరాయివాళ్ళకైతే చచ్చినట్టు తీసేదాన్ని. ఇంటిమనిషని చనువు తీసుకున్నా, చూడు, అదీ నా బుద్ధి!

శుక్రవారం తీశాను. అప్పటికే ఒళ్ళు కాలిపోతోంది.

అలా చూడకు. ఇంకా ఉంది.

కాగితంలో మాత్రం మంగళవారమే తీసినట్టు రాశాను. ఇందాక డాక్టరుగారు అడిగితే, మంగళవారమేనండీ అన్నాను. ఆయన నమ్మారు. అయితే జ్వరం ట్యూబు వల్ల కాదు, కుట్ల లోపలే చీము పట్టుంటుంది, సాయంత్రం మళ్ళీ కోసి చూద్దాం అన్నారు. ఆ ఒంటికి మళ్ళీ మత్తిస్తే తట్టుకుంటాడా? అదీ అనవసరంగా, నేను రాసిన ఆ ఒక్క ముక్కకి!

ఉద్యోగం పోతే పోనీ అనుకుని ఆయన గది దాకా మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ ఇంకేదో పనున్నట్టు వెనక్కొచ్చేశాను.

తిట్టు, కొట్టు, ఏమన్నా చెయ్యి. అదంతా తర్వాత. ముందు లే, నాతో రా. నా పక్కనే నిలబడు. ఒక్కదాన్నే వెళ్తే మళ్ళీ మంగళవారమనే అంటాను.