శాంత వేసిన ఓటు

జర్మనీలోని హానోవర్‌లో రాష్ట్ర ఎన్నికల ఆదివారం. సాయంత్రం ఆరు కావడానికి పావుగంట ఉంది. పోలింగ్ జరుగుతున్న బడి ముందు బెంచీ మీద నుంచి భాస్కర్ రావు లేవడం లేదు. కూతురు భానుప్రియ తన ఓటు వేసేసి వచ్చి పక్కనే నిలబడింది. ఆయన భార్య శాంత పోయి తొమ్మిది రోజులు.

“ఆరింటికి మూసేస్తారు నాన్నా. లే.”

“ఇంకా టైముందిగా.”

“గంట నుంచీ అదే మాట. కాళ్ళు నొప్పా?”

“ఏం లేదు. అస్థికలకి టెర్మిన్ దొరికిందా?”

“గురువారం పదింటికి అపాయింట్‌మెంట్ ఇచ్చారు. పొద్దున్నే చెప్పాను కదా.”

“చెప్పావా? చెప్పావులే.”

“లోపల ఎవరైనా అమ్మ గురించి అడుగుతారనా? నేను మాట్లాడతాను. నువ్వు ఓటేసి వచ్చెయ్.”

“అది కాదే...”

“మరేంటి? నెలంతా సీఎం కరపత్రాలు పంచావు. మళ్ళీ ఆయనే రావాలని ట్రామ్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ళకి కూడా చెప్పావు. ఈసారి గట్టి పోటీ అట. ఒక్కో ఓటూ లెక్కేనట.”

“లెక్కే. భానూ, అమ్మది లెక్కేస్తారా?”

“ఏది?”

“ఆసుపత్రి మంచం మీద వేసిందిగా, పోస్టల్ ఓటు. కవరు నేనే డబ్బాలో వేశాను. మనిషి పోయాక అది చెల్లుతుందా?”

“చెల్లుతుంది. డెత్ సర్టిఫికెట్‌కి వెళ్ళినప్పుడు అడిగాను.”

“నువ్వూ అడిగావా?”

“ఏడుపు రాలేదు నాన్నా. అదొక్కటే అడగాలనిపించింది.”

“నాకూ రాలేదు.”

“ఎవరికేసిందో చెప్పిందా?”

“చెప్పాలా? ఆ సీఎం అంటే దానికి మొదట్నించీ పడదు. ఎప్పుడు చూసినా నవ్వుతాడు, నమ్మబుద్ధి కాదంటుంది.”

“అనేది, నాన్నా.”

“ఆఁ. అనేది.”

“ప్రతిసారీ ఇద్దరూ కలిసే వచ్చేవారుగా?”

“పొద్దున్నే టిఫిన్ చేసి వచ్చేవాళ్ళం. నేను ఆయనకి, అది ఎదుటివాళ్ళకి. బయటికొచ్చి, ‘నీదీ నాదీ ఒకదాంతో ఒకటి కొట్టుకుపోయాయి, ఇంట్లో పడుకున్నా సరిపోయేది’ అని నవ్వేది.”

“అయితే ఈసారి అమ్మ కోసం ఎదుటివాళ్ళకి వేస్తావా?”

“వెయ్యను. నాకు ఆయనే రావాలి.”

“మరి లే! పది నిమిషాలే ఉంది.”

“నేను లోపలికెళ్తే దాని ఓటు కొట్టుకుపోతుందే. కూర్చో. ఆరయ్యేదాకా ఇక్కడే కూర్చుందాం.”