ఆఖరి ఎనిమిది సెకన్లు

బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో టైమౌట్. మూడు పాయింట్ల ముందంజ. బెంచీ దగ్గర కోచ్, ఆయన కూతురు (జట్టు లెక్కలు రాసేది ఆమే), కెప్టెన్ పొడుగోడు.

"ఫౌల్ చేయించండి సార్. ఇప్పుడే."

"వద్దు."

"దూరం నుంచి ఒక్కటి వేశారంటే మూడు పాయింట్లు, సమానమైపోతారు. ముందే ఫౌల్ చేస్తే వాళ్ళకి రెండు ఫ్రీ త్రోలే, ఒక్కోదానికి ఒక పాయింటే. రెండూ పడ్డా ఒక పాయింటు ముందంజ మనదే."

"నాకు పాఠం చెప్పకే. ముప్పై ఏళ్ళ నుంచి ఇదే పని."

"మరి ఫౌలెందుకు వద్దు?"

"మనసు చెబుతోంది."

"పోయినేడు కూడా మనసు చెప్పిందన్నారు. ఓడాం. ఈసారి ఓడితే మీ ఉద్యోగం..."

"పోనీ."

"పోనీ ఏంటి సార్! వాళ్ళు బంతి ఎవరికిస్తారో తెలుసుగా?"

"తొమ్మిదో నంబరుకి."

"మా అన్నయ్యకి, మీ కొడుక్కి అనండి. ఆ మాట మీ నోట విని నాలుగేళ్ళయింది."

"తొమ్మిదో నంబరు వెయ్యడు. భయమేస్తే ఎడమకి పాస్ ఇస్తాడు. చిన్నప్పట్నుంచీ అంతే."

"అది మీరు కళ్ళెర్రజేస్తూ పక్కన నిలబడ్డప్పటి మాట. ఈ ఏడాది ఆఖరి బంతి పదకొండు సార్లు తనే వేశాడు. ఇదిగో, చూడండి."

"ఎన్ని పడ్డాయి?"

"ఆరు."

"ఆరా?"

"నవ్వుతున్నారా సార్?"

"నవ్వెందుకు? నువ్వు రాసుకో."

"సార్, టైమౌట్‌లో నలభై సెకన్లయిపోయాయి. ఫౌలా, కాదా?"

"ఆగరా పొడుగోడా."

"నాకొదిలెయ్యండి సార్. ఒక్క గుద్దు గుద్దానంటే బంతి సంగతే మర్చిపోతాడు."

"కుడి మోకాలి జోలికి పోయావో, చంపేస్తా!"

"కుడి మోకాలా?"

"ఏదో ఒక మోకాలు. నీకెందుకు?"

"సార్, ఆ కుడి మోకాలి ఆపరేషన్ సంగతి వాళ్ళ కోచ్‌కి కూడా తెలీదు. తెలిస్తే కూర్చోబెడతాడని అన్నయ్య దాచాడు. నాకొక్కదానికే చెప్పాడు."

"అయితే?"

"మూడ్రోజులు ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్న పెద్దాయనెవరని నర్సమ్మ అడిగింది. లోపలికి రమ్మంటే కసురుకున్నాడట."

"ఊళ్ళో ఇంకో పెద్దాయనే లేడా?"

"నాన్నా."

"బెంచీ మీద సార్ అనమన్నానా?"

"అందుకేనా ఫౌల్ వద్దంటున్నావు? మనసూ లేదు, అనుభవమూ లేదు. వాడికి దెబ్బ తగులుతుందని నీ భయం. అంతేనా?"

"విజిల్ వేస్తున్నారు. జరుగు."

"ఇదొక్కటి విను. ముట్టుకోకుండా వదిలేస్తే వాడు షాట్‌కి ఎగురుతాడు. ఎగిరితే దిగేది ఆ కాలి మీదే."

"డాక్టరేమన్నాడు?"

"మెట్ల మీద కూర్చున్నవాడివి, అడగలేకపోయావా?"

"ఏమన్నాడే!"

"ఒక్కసారి తప్పుగా దిగితే జన్మంతా కుంటడమేనన్నాడు."

"ఒరేయ్ పొడుగోడా! ఫౌల్. బంతి అందగానే. చేతి మీద, మెల్లగా."

"హమ్మయ్య! గెలిచినట్టే సార్."

"గెలుపు తగలెయ్యరా. వాణ్ణి ఎగరనివ్వకు."