షావుకారు బుగ్గ మీద కత్తెర

కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు వదులు, ఈ స్టూలు లాక్కో. ఏమిటీ, కంపెనీ వాళ్ళు నూరేళ్ళ పుస్తకం రాయమన్నారా నిన్ను? రాయి, నాకేం. కానీ మొదటి పేజీలోనే "ఊరి తొలి వైమానికుడు మా సంస్థాపకులే" అని రాసుకొచ్చావు చూడు, అది చదివి నవ్వాలో నీ చెవి మెలిపెట్టాలో తెలియలేదు నాకు. వైమానికుడా! ఒరేయ్ మనవడా, ఆయన మోటారే నడపలేదురా. ఊళ్ళో మొదటి కారు ఆయనదే, కాదనను. నూనె మిల్లు, సబ్బుల ఫ్యాక్టరీ, ఆ తర్వాత కారు. ప్రతి ఆదివారం దాన్ని నలుగురు కూలీల చేత షెడ్డులోంచి వీధిలోకి తోయించి, దుమ్ము కళ్ళద్దాలు పెట్టుకుని లోపల కూర్చుని, వచ్చేపోయేవాళ్ళతో కబుర్లాడేవాడట. ఇంజను మాత్రం వేయనిచ్చేవాడు కాదు. "చప్పుడులో మాట వినపడదయ్యా" అనేవాడు. క్షవరం చేయించుకునేటప్పుడూ ఆ కళ్ళద్దాలు తీసేవాడు కాదు. నిజంగా ఎక్కడికైనా వెళ్ళాలంటే నడిపేది మా నాన్న, అంటే మీ ముత్తాత. ఒకసారి హ్యాండిలు తిప్పి స్టార్టు చేయబోతే అది వెనక్కి తన్ని మణికట్టు విరిగింది. షావుకారు పరామర్శకొచ్చి ఏమన్నాడో తెలుసా? "హ్యాండిలుకేం కాలేదుగా?" నవ్వడం తర్వాత, ముందు రాసుకో.

సరే, విమానం సంగతి. పెట్టెల్లో వచ్చింది, ముక్కలు ముక్కలుగా. చెక్క బద్దలు, తీగలు, ఇంజను, ఓ బొమ్మల పుస్తకం. అందులో భాష ఎవరికీ రాదు. బొమ్మలు చూసే నాన్న ఎనిమిది నెలలు సబ్బుల గోడౌనులో కూర్చుని అంతా బిగించాడు. షావుకారే పంపితే మూడు వారాలు విమానాల బడికి వెళ్ళి నడపడమూ నేర్చుకొచ్చాడు. ఇక రెక్కలకి బట్ట తొడగాలి కదా, మా మేనత్తకి చెప్పారు. నాన్న కంటే పదేళ్ళు పెద్ద. తల్లి పోతే చంకనేసుకుని పెంచిన అక్క. కుట్టు దుకాణం ఆవిడది, కారు టాపు కుట్టిందీ ఆవిడే. ఆవిడ నోటి సంగతి చెప్పక్కర్లేదు, నన్ను చూస్తున్నావుగా. రెక్క కుట్టడమంటే జాకెట్టు కుట్టడం కాదురా. ఒక్కో బద్ద వెంబడీ రెండు వేళ్ళ ఎడానికో కుట్టు, కుట్టుకుట్టుకీ ముడి. ఒకచోట దారం తెగినా పక్కది ఊడకూడదని. దాని మీద జిగురు మందు పూస్తే, ఆరేసరికి బట్ట బిగుసుకుని, వేలితో కొడితే డప్పులా మోగాలి. మోగింది. ప్రతి గడీ కొట్టి చూసుకుందట మహాతల్లి.

ఎగరడానికి రెండు రోజుల ముందు షావుకారుకి బుర్రలో పురుగు తొలిచింది. పైకి పోయాక అది ఎవరి విమానమో కింద జనానికి ఎలా తెలుస్తుంది? బోర్డులు రాసే పెయింటరుని పిలిపించి ఎడమ రెక్క అడుగున తన ముఖం వేయించాడు. పేరు కాదురా, ముఖం! మీసమొక్కటే రెండు బారలు. మరి కుడి రెక్కకో అంటే, "నాకున్నది ఒక్క ముఖమేగా" అన్నాడట. తలుపులకి వేసే నూనె రంగు అది. ఈయన "ఇంకొంచెం తెల్లగా, ఇంకొంచెం తెల్లగా" అంటున్న కొద్దీ వాడు పూత మీద పూత వేశాడు. మేనత్త వచ్చి వేలితో కొడితే డప్పు లేదు గిప్పు లేదు, తడి గోనెసంచిని కొట్టినట్టుంది. బట్ట సాగి షావుకారు బుగ్గ జారి వేలాడుతోంది. "అయ్యా, ఇది లేస్తే ఎడమకి ఒరిగిపోతుంది. ఇరవై రోజులివ్వండి, కొత్త బట్ట కుడతాను" అంది. "బ్యాండు వాళ్ళకి కూడా చెప్పేశాం, నువ్వెళ్ళి నీ సూదీ దారం చూసుకో" అన్నాడాయన. "నువ్వయినా చెప్పి చావరా" అని తమ్ముడి మీద పడింది. నాన్నేమన్నాడు? "ఒరిగితే నడిపే కర్ర కుడికి తోస్తానక్కా, కర్ర ఉన్నది అందుకేగా." ఇరవై నాలుగేళ్ళు. కాళ్ళు నేల మీద ఉన్నాయన్న మాటే గానీ మనిషి అప్పటికే పైనున్నాడు.

ఆ రోజు మైదానమంతా జనం. షావుకారు విమానం ఎక్కి, కళ్ళద్దాలతో ఫోటో తీయించుకుని, బుద్ధిగా దిగిపోయాడు. మీ పుస్తకం అట్ట మీద వేస్తున్న ఫోటో అదే. నాన్న ఎక్కాడు. ఇద్దరు ముందున్న పంకా తిప్పబోతున్నారు. మేనత్త జనంలోంచి వచ్చింది. పరిగెత్తలేదట, కూరగాయలకి వెళ్తున్నట్టు నడుచుకుంటూ వచ్చింది. రెక్క కిందికి దూరింది. కుట్లు విప్పుదామంటే ఎక్కడ, ముడి ముడికీ తానే బిగించిందాయె! సంచిలోంచి పెద్ద కత్తెర తీసి బట్టనే చీల్చేసింది. షావుకారు చెవి దగ్గర మొదలెట్టి, బుగ్గ మీదుగా, మీసం దాటి, గడ్డం దాకా. బ్యాండు ఆగిపోయింది. "నా ముఖం! నా ముఖం!" అని షావుకారు సొంత బుగ్గ పట్టుకుని అరిచాడు. "మీ ముఖం మీ మెడ మీదే ఉందయ్యా, తడుముకోండి. ఒరేయ్, దిగు" అంది. నాన్న దిగాడు. అక్క వంక చూడలేదు. చీలిన బట్టని రెండు చేతులా దగ్గరికి లాగి పట్టుకుని అలాగే నిలబడ్డాడట, అతుక్కుపోతుందేమో అన్నట్టు.

షావుకారు అలిగి విమానం వదిలేసి ఐసు ఫ్యాక్టరీ మీద పడ్డాడు. నాన్న పదిహేనేళ్ళు అక్కతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లోరా! "ఆవిణ్ణి కాసిని మంచినీళ్ళిమ్మను" అని నాతో చెప్పేవాడు, ఆవిడ రెండడుగుల దూరంలోనే ఉండేది. "వాడికి చేతులు పడిపోయాయేమో అడుగు" అనేది ఆవిడ. మధ్యలో నేను పోస్టాఫీసుని. పెళ్ళిచేసుకున్నాడు, నన్ను కన్నాడు, కానీ ఆకాశంలో చప్పుడైతే అన్నం ముందు నుంచి లేచి వీధిలోకి పోయేవాడు.

ఏమిటి, నిజంగా పడిపోయేదా అనా? గ్రంథాలయంలో విమానాల మీద ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను. బట్ట వదులైతే ప్రాణం మీదికొస్తుందని ఒకడు రాశాడు. చేయి తిరిగినవాడైతే సర్దుకుంటాడని ఇంకొకడు. నాన్న చేయి తిరిగినవాడే. మేనత్త మంచం పట్టి, ఇక రేపో మాపో అన్నప్పుడు వెళ్ళి పక్కన కూర్చున్నాడు. పదిహేనేళ్ళ తర్వాత మొదటి మాట. "అక్కా, ఎగిరేదే కదా?" మేనత్త పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ తగ్గని మనిషి. "ఎగిరేదిరా" అంది.

…ఆ కిటికీ వేసెయ్, జల్లు కొడుతోంది. నీ కాగితాలు తడుస్తాయి.