పెన్సిల్ అవ్వ

ఆ మందు సీసా ఆడనే పెట్టమ్మా వినుతా. పోయిన తూరి మిగిలింది గదా అది? బిడ్డ ఒళ్ళు కాల్తాంటే నీకు కాళ్ళు చేతులు ఆడవు, నాకు తెలుసు. పొద్దు ఇంకా ఉండాది, మీ నాయన రాంగానే చింతామణికి పోయి డాక్టరుకు చూపిచ్చుకొని రండి. అంతవరకు బిడ్డను నా పక్కన పండబెట్టి ఇట్ల కూచో. మీ నాయన గిరీశ్ ఈ సీసా చూసింటే ఏమనేటోడో తెలుసునా? ఏమీ అనడు. వాడు అనేటోడు కాదు. అనేదంతా మా అక్కనే. పేరే అక్కయమ్మ, ఊరందరికీ అక్క, నాకు మాత్రం అమ్మ లెక్క. మీ నాయనకు నాయనమ్మ. నువ్వు చూడలే, నువ్వు పుట్టేదానికి ముందే పాయె.

ఎత్తు మనిషి, నోరు ఇంకా ఎత్తు. కెంచార్లహళ్ళిలో ఈ కొసన మాట్లాడితే ఆ కొసకు వినపడేది. ఏదీ పారేసేది కాదు. చింతపండు పిసికిన పిప్పి గూడా చెంబులు తోమను దాచేది. ఒక మందు సీసా గూడా అట్లనే దాచింది. మీ పెద్దనాయన దేవరాజ్ చిన్నప్పుడు మోకాళ్ళ నిండా సెగగడ్డలు లేస్తే చింతామణి డాక్టరమ్మ ఇచ్చిండె, పొడిలో నీళ్ళు పోసి కలిపేది. గడ్డలు అణిగిపాయె, వాడు మూతి తిప్పె, వాళ్ళమ్మ మునిలక్ష్మమ్మ నయమైంది గదా అని ఆపేసె. సీసా అంతా తాపాలనే డాక్టరమ్మ చెప్పిండె, ఎవురు విన్యారు? సగం సీసా కిటికీ గూట్లో నిలిచిపాయె. కలిపిన మందు కొన్ని దినాలకే చెడిపోతాదని మాకు యాడ తెలుసు. కొన్నాళ్ళకు గిరీశ్‌కు గొంతు వాచె. ఎంగిలి మింగాలన్నా ఏడ్చేటోడు. ఇంట్లోవాళ్ళంతా పట్టుపురుగులకు ఆకు కోయను పోయిండారు, మా అక్క ఒక్కతే ఉండె. మనవడు ఏడిస్తే ఆ మనిషి తట్టుకోదు. సీసా తీసె, గిలకొట్టె, బెల్లంముక్క చూపించి తాపేసె. పెద్దోనికి నయం చేసింది చిన్నోనికి చేయదా అని, అంతే ఆమె లెక్క. వాని రోగం వేరే, వీని రోగం వేరే, వాని బరువు ఎంత, వీని బరువు ఎంత, అవన్నీ అప్పుడు తోచలే.

నేను మడికాడ నుంచి వస్తాండా, అరుపు వినపడె. మా అక్క అరిచేది మాకు కొత్త కాదు గానీ ఆ అరుపు అట్ల లేదు. పోయి చూస్తే బిడ్డ ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు ఉబ్బిండాయి, ఊపిరి ఈల మాదిరి వస్తాండాది. పట్టుగూళ్ళు ఏసుకొని పొయ్యే జీపు ఒకటి ఆపితిమి. మా అక్క ఆ మూటల మీద కూచుని, వాన్ని ఒళ్ళో పెట్టుకొని, దోవంతా ఒక్క మాట మాట్లాడలే. ఆమె నోరు మూసుకొని ఉండేది నేను చూసింది అదొక్క తూరే. డాక్టరమ్మ చూడంగానే సూది ఏసె. ఊపిరి సరయ్యేదాకా వాని చెయ్యి వదల్లే. అప్పుడు ఏం తాపితిరి అని అడిగె. మా అక్క కొంగుముడి ఇప్పి సీసా తీసిచ్చె. ఆ గాబరాలో అది తేవాలని ఎట్ల తోచెనో. డాక్టరమ్మ తిట్టలే. "పెద్దమ్మా, ఇది పెన్సిలిన్ జాతి మందు. మందు మంచిదే, ఈ బిడ్డకు పడదు. ఎవురు ఏ మందు ఇయ్యబోయినా ముందు ఈ మాట చెప్పు. చదువు రాకపోతేనేమి, నోరుండాది గదా" అనె.

అంతే గదమ్మా, నోరుండాది గదా అంటే ఇంక ఆగుతాదా ఆ మనిషి? పెన్సిలిన్, పెన్సిలిన్ అని బస్సులో వల్లె ఏసుకుంటా వచ్చె. ఇల్లు చేరేసరికి అది పెన్సిల్ అయిపాయె. ఇస్కూల్లో చేర్చే దినం కన్నడ మేష్ట్రు గంగాధరప్ప దగ్గరికి పోయి, స్వామీ మా వానికి పెన్సిల్ పడదు, ఇస్తే పానం పోతాది అని చెప్పె. ఆయన మంచోడు పాపం, మిగతా పిల్లోళ్ళంతా పెన్సిలు పట్టినా వీనికి మాత్రం పలకా బలపమే. నేను పోయి చెప్పేదాకా అట్లనే. ఊరంతా పెన్సిల్ అవ్వ అనబట్టిరి. ఆమెకు సిగ్గా? అననీరా, అట్లన్నా అందరికీ గురుతుంటాది అనె. మురుగమల్ల దర్గాకు మొక్కు తీర్చను పోయి ఆడ సాయిబుకు గూడా చెప్పి వచ్చె. ఇంకొక తూరి వానికి చెవి చీము పట్టి, డాక్టరమ్మ వేరే మందు ఇచ్చె. నొప్పి తగ్గి వాడు గంతులేస్తాంటే మునిలక్ష్మమ్మ ఇంక చాలు అనె. మా అక్క ఒప్పలే. డాక్టరమ్మ చెప్పినన్ని దినాలూ మూతతో కొలిచి, గొర్రెలు మేపను పోయిన వాని వెనకాల పరిగెత్తి మరీ తాపె.

మీ అమ్మ అంబికను చూడను మిట్టేమరికి పోయిన దినం చెప్పాల నీకు. కాఫీలు తాగుతాండాము, మా అక్క లేచి నిలబడె. నేను కొంగు పట్టి లాగితి, కూచోలే. మా వానికి ఒకటుండాది, దాచిపెట్టి చేసుకోకూడదు అని మొదలుపెట్టె. ఏ మూర్ఛరోగమో అనుకొనిరి వాళ్ళు. అంతా విన్నాక గూడా మీ అమ్మ వాళ్ళ నాయన ముఖం తేటపడలే, లేచి లోపలికి పాయె. సంబంధం పాయె అనుకొంటిమి. అప్పుడు మీ అమ్మే తలుపుకాడికి వచ్చె. "అవ్వా, ఆ మందు పేరు ఇంకొక తూరి చెప్పు. నేను గురుతు పెట్టుకోవాల" అనె. మా అక్క దాని గడ్డం పట్టుకొని చెప్పె, అప్పుడూ తప్పే చెప్పె. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా భుజం మీద తల పెట్టె. ఇంక నాకు పని లేదురా పిళ్ళప్పా అని నిద్రపాయె.

పెండ్లి చూసినాకనే మా అక్క పాయె. పోయి నెల గూడా కాలే, మీ నాయన కాలికి గడ్డపార దిగె. ఆసుపత్రికి నేను, మీ అమ్మ తోడు పోతిమి. నువ్వు అప్పుడు కడుపులో ఉండావు. నర్సమ్మ సూది పట్టుకొని వచ్చి, ఏదన్నా మందు పడదా అప్పా అని వాన్ని అడిగె. ఆ మాట వాన్ని ఒకరు అడిగింది అదే మొదలమ్మా. అంతకుముందు అడిగేదాకా మా అక్క ఆగింటే గదా. వాడు చెప్పను నోరు తెరిచె. గడ్డపార దిగినప్పుడు అబ్బా అనలే, మీసాలొచ్చిన మనిషి, ఆ బల్ల మీద కూచుని ఎక్కెక్కి ఏడ్చె. నర్సమ్మ నొప్పేమో అనుకొనె. మీ అమ్మ ముందుకు పోయి చెప్పె. చెప్పి తానూ...

బిడ్డ కండ్లు తెరిచినాడు చూడమ్మా. నీళ్ళు పట్టు.