చక్కెర కరిగేలోపు

క్రిస్మస్ వారముందనగా, ఆల్వా వంటింట్లో స్నేహితురాళ్లిద్దరూ ఏటా కట్టే అల్లం బిస్కెట్ ఇంటికి గోడలు సర్దుతున్నారు. వాటిని అతికించే పాకానికి చక్కెర అప్పుడే పొయ్యెక్కింది. సిగ్రిడ్ చూపు ఆల్వా మణికట్టు మీద ఆగిపోయింది.

“ఆ బొబ్బలేంటే?”

“పాకం చిందిందిలే.”

“ఏ పాకం? చక్కెర ఇంకా కరగనేలేదు!”

ఆల్వా బిస్కెట్ తలుపు మీద క్రీముతో గడియ గీసింది.

“గడియ బయటివైపు ఎవరైనా పెడతారా?”

“మా పడగ్గదికి ఉంది. కోపమొస్తే ఇంగ్వార్ నన్ను లోపలికి తోసి వేసేస్తాడు.”

“చెయ్యి కాల్చింది కూడా నీ మొగుడేనా?”

“నెమ్మదిగా మాట్లాడు. మేడమీదే ఉన్నాడు.”

“వాడి చేతులు పడిపోను!” సిగ్రిడ్ బల్ల అదిరేలా ఒక్క గుద్దు గుద్దింది. గోడలన్నీ ముక్కలయ్యాయి.

“అయ్యో, ఈ ఇల్లు పగలగొట్టి తినేది జనవరిలో, క్రిస్మస్ సంబరాలు ముగిసే క్నూట్ పండక్కి కదే! ఇంకా నెలుంది.”

“నెలదాకా నువ్వు బతికుండొద్దూ?”

మెట్ల మీద బూట్ల చప్పుడయింది.

“ఏంటే ఆ గోల? మళ్లీ కావాలా నీకు?”

ఆల్వా కుతకుతలాడుతున్న పాకం గిన్నెను రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.

“రా ఇంగ్వార్, లోపలికి రా. చక్కెర ఇప్పుడు కరిగింది.”